మామీ తిన్న రెండు ముక్కలు

జూన్ 9, సోమవారం

నాలుగోసారి. మళ్ళీ చిరిగింది.

పంచదార ముద్దను చపాతీలాగే ఒత్తాను, పళ్ళెమంత వెడల్పు. కేకు మీద దుప్పటి కప్పినట్టు కప్పి పక్కలు సర్దుతున్నానా — మూల దగ్గర ముందు ముడతలు, ముసలి ఏనుగు తోలులాగా. తర్వాత బీట. బీటలోంచి చాక్లెట్ బయటికి తొంగి చూస్తోంది. పుండులాగుంది.

కడిగినా జిగురు వదలదు. వేళ్ళ సందుల్లో, ఉంగరం కింద, మోచేతి మీద. ఫ్యాను వేస్తే పంచదార పొడి ముక్కుల్లోకి. తీసేస్తే చెమట. ఒక చుక్క ముద్దలో పడింది కూడా. ఎలాగూ చెత్తబుట్టకే కదా... తిరుపతి ఎండలో కేకు మీద కప్పే ఈ ఫాండెంట్ అనేది ఎవరు నేర్చుకుంటారు? నేను. నలభై మూడేళ్ళ వయసులో.

జూన్ 12, గురువారం

క్లాసు. కేకులు నేర్పే మేడం వరండాలో ఆరుగురం, మూడు బల్లలు. నా బల్ల దగ్గర నసీమా. వాళ్ళాయనకు గాజుల అంగడి. మనిషి నెమ్మది, చెయ్యి మాత్రం చురుకు. నా ముద్ద పగుళ్ళు పడుతుంటే ఆమెది వెన్నలా సాగుతోంది. అసూయ.

ఈరోజు ఫాండెంట్ ఇంట్లోనే కలపడం. పొడి జెలటిన్ నీళ్ళలో నానబెట్టి, వేడినీళ్ళ గిన్నె మీద కరిగించి, గ్లూకోజు పాకం, ఆ పైన జల్లించిన పంచదార పొడి. కరుగుతుంటే ఒక కంపు. తడి తోలుదో, దేనిదో...

"ఏంది మేడం, ఇట్లా వాసనొస్తాది?"

"వెనిల్లా రెండు చుక్కలు ఎక్కువ వేయండి. పోతుంది."

వేశాను. పోయింది.

జూన్ 15, ఆదివారం

మా ఆయన రమణ పెయింట్ల అంగడిలో పనిచేస్తాడు. కాబట్టి ఏది చూసినా పెయింటే.

"ఏమ్మే, గోడలకు పెట్టే పుట్టీ మాదిరి ఉండాది. దీన్ని జనం తింటారా?"

చిటికెడు నోట్లో వేసుకున్నాడు. సింకులో ఉమ్మాడు. నిజమే చెప్పాడు, అందుకే కోపం. నాకూ రుచించదు. తియ్యటి సుద్ద. ఏప్రిల్‌లో స్కూలు వాళ్ళు "పిల్లలు తగ్గినారు, డ్రాయింగ్ టీచర్ వద్దు" అనకపోయుంటే నాకీ ముద్ద ముఖం చూసే పనే లేదు. కానీ బొమ్మ చేయడం... ఆ ఒక్కటే. కేకును కత్తితో చెక్కుతూ పోతే లోపల్నుంచి ఒక ఆకారం వస్తుంది చూడు, అప్పుడు మాత్రం ఊపిరి ఆడుతుంది.

జూన్ 22, ఆదివారం

నిలబడింది! ఆటో కేకు. నసీమా తమ్ముడి కొడుకు పుట్టినరోజుకి. పసుపు, నలుపు, మూడు చక్రాలు, వెనక అద్దం కింద బుల్లి నిమ్మకాయ, మిరపకాయలు కూడా. ఏడంగుళాల ఆటోకి మూడు రోజులు.

వాళ్ళింటికి నేనే ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. అందరూ ఫోన్లు పట్టుకుని మూగారు. కోశారు. కోయగానే పిల్లలు పైపొర ఒలిచి, అరటితొక్క పారేసినట్టు పళ్ళాల అంచుకు తోసేశారు. చక్రాలు నేల మీద. ఇంకొకడు గుప్పెడు తీసి పుట్టినరోజు పిల్లాడి ముఖానికి రుద్దాడు, ముక్కుల్లోకి, కళ్ళల్లోకి. వాడు ఏడుస్తుంటే అందరూ నవ్వుతున్నారు. నా బుల్లి నిమ్మకాయ ఎవరి చెప్పు కిందో...

"బాధపడబాకు పద్మా. తినేదానికి కాదు, ఫోటోకి," అంది నసీమా.

భోజనంలో పాయా, మేకకాళ్ళ పులుసు, పెట్టారు. గిన్నె మూత తీయగానే, ఈ మధ్య ఎక్కడో పీల్చిన వాసన అనిపించింది. ఎక్కడో గుర్తు రాలేదు. రెండుసార్లు వేయించుకుని తిన్నాను.

జూన్ 28

ఫోన్ స్టేటస్‌లో పెట్టాను. ఆటో ఫోటో, కింద "ఇంట్లో చేసిన బొమ్మ కేకులు. ఎగ్‌లెస్. ప్యూర్ వెజ్." ఆ చివరి మాట పెట్టమని ఎవరూ చెప్పలేదు. మా వీధి అలాంటిది కాబట్టి పెట్టాను.

జూలై 3, గురువారం

కింద వాటాలో మా ఇంటి ఓనరు మామీ దగ్గర వీణ నేర్చుకునే అమ్మాయిలు నలుగురు మెట్లెక్కి వచ్చారు. మామీకి ఎనభై నిండుతున్నాయట. వీణ ఆకారంలో కేకు కావాలి. రహస్యంగా.

"మామీ తినరాంటీ. ఊరికే కోస్తారు, అంతే. మేం తింటాం."

తినదు, తెలుసు. బయటి వస్తువు ముట్టదు. పెళ్ళికి పోయినా అరటిపండు, అదీ తన చేత్తో ఒలుచుకుని. ఉల్లిపాయ లేని ఇల్లు అది. అయినా పదకొండేళ్ళ కిందట, ఈ వీధిలో మాంసం తినేవాళ్ళకి ఎవరూ ఇల్లివ్వనప్పుడు, పై వాటా మాకిచ్చింది. "తినేది మీ ఇష్టం కణ్ణా. కిటికీ మూసుకుని వండుకో, చాలు" అంది. అంతే. మళ్ళీ ఎత్తలేదు ఆ మాట.

చేస్తాను. సరిగ్గా చేస్తాను.

జూలై 10

అసహ్యం, అసహ్యం. వీణ కుండ కుంగిపోయింది. సొరకాయ బుర్ర పక్కకి వాలిపోయింది. ఫ్రిజ్‌లోంచి తీయగానే నీటి బొట్లు పట్టి, వీణ మెడ, ఆ పొడుగాటి దండి మీద ముదురు రంగు పూత కారి, జలుబు ముక్కులాగా. చీమలు. బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాను. అవి కిటికీ తీగ పట్టుకుని వస్తున్నాయి.

మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలు.

జూలై 12, శనివారం

యాళి ముఖం వచ్చింది.

వీణ కొసన ఉంటుందే, ఆ సింహం లాంటి ముఖం. కింద తలుపు సందులోంచి మామీ వీణను ఎన్నిసార్లు చూశానో ఈ వారం. టూత్‌పిక్‌తో, చెంచా వెనకవైపుతో కళ్ళు, కోరలు, చెవులు. దండి మీది మెట్లు ఇరవై నాలుగూ లెక్క పెట్టి పెట్టాను. తీగలకు ఏవీ సరిపోలేదు, చివరికి సన్న సేమ్యా. రమణ వచ్చి నిలబడి చూశాడు. పుట్టీ అనలేదు.

"బాగుండాది" అన్నాడు. ఒక్కటే మాట. చాలు.

జూలై 13, ఆదివారం

మామీ వంగి కుండ నుంచి యాళి దాకా చూసింది. తర్వాత నవ్వింది. వేలితో సేమ్యా తీగను మీటబోయి ఆగింది.

"శృతి చేయలేదేమ్మా?"

అందరూ నవ్వారు. కత్తి ఇస్తే దండి మీద పెట్టలేకపోయింది. "వీణను కోయడమేంటి, పాపం" అని కుండ అంచున కొంచెం కోసింది. అమ్మాయిలు పళ్ళాలు పంచుతున్నారు. అప్పుడు నా వైపు తిరిగింది.

"గుడ్డు లేదు కదా?"

"లేదు మామీ. ప్యూర్ వెజ్."

"నీ చేత్తో చేసినావు. నీ చెయ్యి నాకు తెలుసు."

తిన్నది! అమ్మాయిల నోళ్ళు తెరుచుకుపోయాయి. కుండ ముక్క తిని, యాళి చెవి విరుచుకుని అదీ తిన్నది. మెల్లగా, కళ్ళు మూసుకుని. రెండు ముక్కలు. పైపొర ఒలిచి పారేయని మనిషిని మొదటిసారి చూశాను.

ఇంటికొచ్చి — అంటే పైకొచ్చి — ఏడ్చాను. సంతోషంతోనే.

జూలై 15

పాలబ్బాయితో, పూలామెతో, పక్కింటి వాళ్ళతో... మామీ అందరికీ చెబుతోంది. "ఎనభై ఏళ్ళకు కేకు తిన్నాను."

జూలై 24, గురువారం

ఏం రాయాలి?

జెలటిన్ పొడి అయిపోతే నసీమా, నేను కేకు సామాను అంగడికి పోయాం. ఎప్పుడూ చిన్న కవర్లలో పోసి, స్టేపుల్ కొట్టి ఇస్తాడు. పేరు ఉండదు, ఏమీ ఉండదు. ఈరోజు కవర్లు కట్టలేదని డబ్బాలోంచే కొలిచి ఇస్తున్నాడు. నసీమా ఊరికే డబ్బా తిప్పింది. అద్దాలు పెట్టుకుంది. మళ్ళీ చదివింది.

"పద్మా. ఈ గుర్తు సూడు."

ఆకుపచ్చ చుక్క లేదు. గోధుమరంగు గుర్తు. మాంసాహారం.

అంగడాయన నవ్వాడు. "జెలటిన్ అంటే అంతే గదమ్మా. ఎముకలు, తోలు ఉడకబెట్టి తీస్తారు. మీకు తెల్దా?"

"ఏ జంతువుది?" నసీమా అడిగింది.

"అది రాయలేదే."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. చేతులు చీరకి తుడుచుకుంటోంది, తుడుచుకుంటోంది. "ఆవుదో, పందిదో. మీకొకటి కూడదు, మాకొకటి కూడదు. రెండూ దీంట్లోనే ఉండొచ్చు. మా అత్తకు పెట్టినా పద్మా. ఆమె నమాజు తప్పని మనిషి."

నేను మామీ పేరు ఎత్తలేదు. ఎత్తితే అది నిజమైపోతుందని.

ఇంటికొచ్చాక వాంతి.

జూలై 25

మేడం దగ్గరికి పోయాం. గోళ్ళకు రంగు వేసుకుంటోంది. ఆపలేదు.

"నేనెప్పుడైనా వెజ్ అన్నానా? ఎగ్‌లెస్ అన్నాను. మీరే వెజ్ అనుకున్నారు."

"మేం అడిగినాం గదా, వాసనేందని," అన్నాను.

"అడిగింది వాసన గురించి. చూడండి, ఇంత ప్రాసెస్ అయ్యాక అది వట్టి పొడి. ఊరంతా ఇదే వాడతారు. మీరు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

ఇంకో గోరు. ఎర్రగా, తడిగా. ఆ వేళ్ళతోనే మాకు ముద్ద పిసకడం నేర్పింది.

కానీ ఆమె మాట నన్ను కోసింది వేరేచోట. ఆమె ఎగ్‌లెస్ అంది. ప్యూర్ వెజ్ అన్నది నేను. నా ఫోన్లో. నా నోటితో.

స్టేటస్ తీసేశాను. తీసేస్తే మాత్రం?

జూలై 27, ఆదివారం

నసీమా అందరికీ చెప్పేసింది. తన కేకు తిన్న ప్రతి ఇంటికీ పోయి, లేదా ఫోన్ చేసి. ముందు వాళ్ళ అత్తకే. అత్త మూడు రోజులుగా మాట్లాడ్డం లేదట. ఒకావిడ గేటు బయటే నిలబెట్టి అరిచిందట, వీధి వీధంతా విన్నారట.

"భయమెయ్యలేదా నీకు?"

"వేసింది. చెప్పకపోతే ఇంకా ఎక్కువేస్తాది."

ఎంత మామూలుగా అంది! ఆమె ముందు కూర్చుంటే నా ముఖం నాకే కంపు కొట్టింది.

మధ్యాహ్నం రమణ మటన్ తెచ్చాడు. కిటికీ మూసి వండాను. తిన్నాను. బాగుంది. ఎముక లోపలిది కూడా పీల్చాను. నాకు మాంసం మీద అసహ్యం లేదు, ఎప్పుడూ లేదు. మరి ఈ అసహ్యం దేని మీద?

జూలై 28

"నోరు మూసుకోని ఉండు," అన్నాడు రమణ. కోపంగా కాదు, నచ్చచెబుతున్నట్టే. "ఆ యమ్మకు ఎనబై ఏండ్లు. తెలీకుండా తింటే ఆమెకేం పాపం? నువ్వు చెప్పినావనుకో, అప్పుడు తెలిసిపోతాది. ఆ బాధ నువ్వు పెట్టినట్టే గదా."

"అయినా, చెప్పకుంటే ఎట్లా..."

"ఇల్లు ఖాళీ చెయ్యమంటే? ఈ వీధిలో కాదు, పక్క వీధిలో గూడా ఎవురిస్తారు మనకు? ఏం తింటారనే గదా మొదట అడిగేది."

ప్రతి మాటా సబబుగానే ఉంది. అదే చిరాకు. నా మనసులో నేను చెప్పుకుంటున్నవే అతని నోట్లోంచి వస్తుంటే, వినలేకపోయాను.

జూలై 30

పొడి, రంగులు, గ్లూకోజు డబ్బా, మిగిలిన ముద్ద — అన్నీ చెత్తబండిలో. ముద్ద కవరుకు అంటుకుపోయి రాలేదు. కవరుతో సహా.

కింద మామీ పాఠం చెబుతోంది. పదే పదే ఒకే వరస. తలుపు ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేత్తో పట్టుకుని పోతున్నాను. దొంగ.

ఆగస్టు 3, ఆదివారం

పట్టుబడ్డాను. మెట్ల కింద.

"పద్మా, కనిపించడమే లేదు. ఒళ్ళు బాగలేదా?"

"బాగుండాను మామీ."

"కృష్ణాష్టమికి ఒకటి చేసిపెట్టు కణ్ణా. చిన్న వెన్నకుండ, ఇంత. కృష్ణుడి ముందు పెడతాను. అమ్మాయిలకు పంచుతాను. నేనూ తింటాను."

దేవుడి ముందు!

"చేస్తా మామీ" అన్నాను. నోరు దానంతటదే అనేసింది. అబద్ధం అలవాటైన నోరు.

ఆగస్టు 6

నసీమా కనిపెట్టింది. సముద్రపు నాచుతో చేసే చైనా గ్రాస్. దాన్ని కరిగించి పోసి, తినే జిగురు పొడి కొంచెం కలిపితే జెలటిన్ లేకుండానే ముద్ద వస్తుంది. ఆకుపచ్చ చుక్క, నాలుగుసార్లు చూసుకున్నాను. కరిగేటప్పుడు వాసన లేదు. ముఖం గిన్నెలో పెట్టి పీల్చాను. లేదు.

ముద్ద మొండిగా ఉంది, త్వరగా ఆరిపోతుంది, అంచులు పొరలుపొరలుగా లేస్తాయి. కానీ కుండ నిలబడింది. పైన తెల్లటి వెన్న కారుతున్నట్టు చేశాను. నిజంగా బాగుంది.

"ఇంగేముంది," అన్నాడు రమణ. "ఇది పెట్టు. దిద్దుకున్నట్టే గదా."

గుండె ఒక్కసారిగా తేలికైంది. అవును, ఇంతే కదా, ఇకమీదట మంచిగా చేస్తే సరి... ఆ తేలిక ఎంత హాయిగా ఉందో. అరగంట ఉంది. తర్వాత ఆ హాయిని తలుచుకుంటేనే ఒళ్ళు జలదరించింది. ఇది పెట్టానంటే, ఇక జన్మలో చెప్పను. నాకు తెలుసు నేనేమిటో.

కుండను చితక్కొట్టి పారేశాను. రమణ చొక్కా తగిలించుకున్నాడు. అంగడికి పోయాడు.

ఆగస్టు 9, శనివారం

చెప్పేశాను.

పొద్దున పదకొండు. పాఠాలు లేవు. మామీ వరండాలో చేటలో బియ్యం ఏరుతోంది. నేను వరండా ఇవతల, కింద కూర్చున్నాను. ఎప్పుడూ లోపలే కూర్చుంటాను. ఈరోజు కూర్చోలేకపోయాను.

అంతా చెప్పాను. పొడి ఏమిటో, దేంతో చేస్తారో, ఏ జంతువుదో కూడా తెలియదని. ప్యూర్ వెజ్ అన్న మాట నాదేనని. మధ్యలో ఆగలేదు. ఆగితే లేచి పోయేదాన్ని.

బియ్యంలో ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"నేనెన్ని ముక్కలు తిన్నాను?"

"రెండు మామీ."

గేటు బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అందుకోవడం లేదు.

"నీకప్పుడు తెలీదు."

"తెలీదు మామీ. ప్రమాణంగా."

"కరిగించేటప్పుడు వాసన రాలేదా?"

దానికి సిద్ధంగా లేను. అన్నీ అనుకునే పోయాను. తిడుతుందని, ఏడుస్తుందని, ఖాళీ చేయమంటుందని. ఇది అనుకోలేదు. రాలేదు అంటే అయిపోయేది. ఎవరు చూశారు? వెనిల్లా వేసిన చెయ్యి నాది. పాయా గిన్నె ముందు గుర్తురానట్టు నటించిన ముక్కు నాది.

"వచ్చింది" అన్నాను.

తల ఊపింది. చేట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి, లోపలికి పోయింది. తలుపు వేయలేదు. దొడ్లో ఒంటి మీద నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు. ఒక చెంబు, ఇంకో చెంబు, ఇంకోటి... నేను లేచేదాకా ఆగలేదు ఆ చప్పుడు.

ఆగస్టు 10

వీణ అమ్మాయిలకు కూడా ఫోన్ చేశాను. ఇద్దరు "పర్వాలేదాంటీ" అన్నారు. ఒకమ్మాయి వాళ్ళ నాన్న ఫోన్ లాక్కుని నన్ను, నా పుట్టుకను కలిపి తిట్టాడు. నాలుగో అమ్మాయి ఏమీ అనకుండా పెట్టేసింది. అదే ఎక్కువ తగిలింది.

మామీ రెండు పూటలా తినలేదని పూలామె చెప్పింది.

ఆగస్టు 12

ఏమీ లేదు. కింద పాఠం లేదు.

ఆగస్టు 13

నసీమా వచ్చింది. మామీ తలుపు ముందు నుంచే వచ్చింది. మామీ చూసిందట, పలకరించలేదట.

"చెప్పినాక బాగుండాదా?" అని అడిగింది.

"లేదు."

"నాకూ లేదు," అంది. "అత్త నా చేతి టీ తాగడం లేదు. కానీ పడుకుంటే నిద్రొస్తాంది."

చైనా గ్రాస్‌తో ఏదైనా చేద్దామా అంది. బుల్లి ఏనుగులు, కాణిపాకం అంగళ్ళలో పెట్టే మట్టి ఎలుకల్లాంటివి, ఏవైనా. ముద్ద పిసుకుతూ కూర్చున్నాం ఇద్దరం. నా వేళ్ళకు తొండం రాలేదు. పంచదార జిగురు మళ్ళీ ఉంగరం కిందికి చేరింది. వెళ్ళి సబ్బుతో తోముకున్నాను, చర్మం ఎర్రబడేదాకా.

ఆగస్టు 14

రమణ పక్క వీధిలో ఒక ఇల్లు చూసొచ్చాడట. నాతో చెప్పకుండా. వాళ్ళు మొదట ఏమడిగారో నేను అడగలేదు.

ఆగస్టు 16, శనివారం

కృష్ణాష్టమి. సాయంత్రం ఐదు. పైనుంచి చూస్తున్నాను.

మామీ గేటు దగ్గర నుంచి చిన్నికృష్ణుడి పాదాలు వేస్తోంది. బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, పిడికిలి ముద్ర వేసి, పైన వేలితో ఐదు చుక్కలు. ప్రతి ఏడాదీ పాదాలు రెండు దారులు పడతాయి. ఒకటి ఆమె పూజగదికి, ఒకటి మెట్లెక్కి మా తలుపు దాకా. మెట్ల మీదివి అమ్మాయిలు వేస్తారు, ఆమె మోకాళ్ళు వంగవు. ఈసారి అమ్మాయిలు ఎవరూ రాలేదు. ఒక్కతే వంగి వేస్తోంది. అడుగుకోసారి నడుం పట్టుకుంటోంది.

పోయి సాయం చేయాలి. పోలేదు. ఆ పిండి నేను ముట్టుకోవచ్చో లేదో.

పూజగదికి దారి అయిపోయింది. నేను లోపలికి వచ్చేశాను. చూస్తూ నిలబడితే అడుక్కున్నట్టుంటుంది.

అరగంట తర్వాత నీళ్ళకని తలుపు తీశాను. పాదాలు మెట్ల దాకా వచ్చాయి. మొదటి మెట్టు మీద ఒక జత. రెండో దాని మీద ఒకటి. మూడో మెట్టు మీద పాదం లేదు, పిండి గిన్నె ఉంది. పక్కన తడిగుడ్డ మడిచి పెట్టి ఉంది. ఆమె లేదు. లోపల గంట మోగుతోంది.

మోకాళ్ళు నొప్పెట్టి అక్కడితో ఆపేసిందా? గిన్నె మరిచిపోయిందా? లేక మిగతావి నన్ను వేయమనా?

రమణను పిలిచి చూపించాను. చూశాడు. "పోయి ఎయ్యి" అన్నాడు. వెంటనే "వద్దులే, అడుగు ముందు" అన్నాడు. లోపలికి పోయాడు.

మూడుసార్లు మెట్లు దిగాను. మూడుసార్లూ గిన్నెకు పైనున్న మెట్టు మీద కూర్చుని పైకొచ్చేశాను. గిన్నె అంచున పిండి అప్పుడే తెల్లగా ఆరుతోంది.